డాబా మీది షెడ్డులో ఆర్‌టూ-డీటూ

2023 మే నెలలో, ఇంకా 3డీ ప్రింటరు కూడా కొనకముందే, రెండు ప్లాస్టిక్ పట్టీలు సంపాదించి మా డాబా మీది రేకుల షెడ్డులో పెట్టాను. ఒకటి పీఎల్ఏ, రెండోది పెట్‌జీ, రెండూ 3డీ ప్రింటర్లలో వాడే ప్లాస్టిక్ రకాలు. రెండింటినీ ఇటుకల మీద అడ్డంగా ఆనించి, మధ్యలో చెరొక చిన్న బరువు వేలాడదీశాను. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి చూస్తే పీఎల్ఏ పట్టీ బాగా కుంగిపోయి ఉంది, పెట్‌జీ పట్టీ పెట్టినది పెట్టినట్టే ఉంది. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, పెట్‌జీ దాదాపు 80 దాకా ఓర్చుకుంటుంది. విదేశాల్లో స్టార్ వార్స్ సినిమా రోబో ఆర్‌టూ-డీటూను ఇంట్లో కట్టినవాళ్లలో చాలామంది పీఎల్ఏ వాడారు. వాళ్ల గ్యారేజీలు వేరు, విజయవాడ పటమటలో మే నెల రేకుల షెడ్డు వేరు. ఆ రోజే నిర్ణయించుకున్నాను, కడితే పెట్‌జీతోనే కట్టాలని.

నేను డెంటల్ ల్యాబులో కట్టుడు పళ్లు తయారు చేస్తాను. ఎలక్ట్రానిక్స్ చదువుకోలేదు. 1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలోని ఈ రోబో అంటే నాకు ఎందుకింత ఇష్టమని అందరూ అడుగుతారు. దానికి ముఖం లేదు, మాట లేదు. గుండ్రటి తల, నల్లటి కన్ను, ఈలలు, అంతే. అయినా దానికి కోపం వచ్చిందో, భయం వేసిందో చూస్తున్న పిల్లవాడికి తెలిసిపోతుంది. రాల్ఫ్ మెక్వారీ గీసిన బొమ్మకు, లోపల కూర్చుని దాన్ని ఊపిన కెన్నీ బేకర్‌కు, దాని గొంతు తయారు చేసిన బెన్ బర్ట్‌కు నేను చిన్నప్పటి నుంచి రుణపడి ఉన్నాను. ఎత్తు 1.09 మీటర్లు. బొమ్మ సైజు కాకుండా అసలు కొలతల్లో, మా ఇంట్లో తిరగాలి. నా కోరిక అదొక్కటే.

జూన్‌లో ప్రింటరు వచ్చింది, 21 వేలు. ప్లాస్టిక్ తీగను కరిగించి పొరలు పొరలుగా పేర్చి వస్తువును తయారు చేస్తుంది. వస్తువు తయారయ్యే దాని బెడ్డు 22 సెంటీమీటర్ల చదరం. అంత చిన్న ప్రింటరు మీద మీటరు దాటిన రోబో ఎలా వస్తుందని మా ఆవిడ అడిగింది. ముక్కలుగా వస్తుంది. ఈ రోబోను ఇళ్లలో కట్టే అభిమానులు 1999 నుంచి ఒక సంఘంగా ఏర్పడి, సినిమాలో వాడిన అసలు నమూనాల కొలతలు సేకరించి పంచుకుంటున్నారు. 3డీ ప్రింటర్ల కోసం కాళ్లను, మొండేన్ని, పాదాలను చిన్న ముక్కలుగా విడగొట్టిన ఫైళ్లు వాళ్ల దగ్గర దొరుకుతాయి. అమ్ముకోవడానికి కాకుండా సరదా కోసం కట్టుకోవాలన్నది వాళ్ల నియమం.

పెద్ద ముక్క ఒకటి తయారవడానికి రోజున్నర పడుతుంది. ఆ రోజున్నరలో కరెంటు పోతే ప్రింటరు ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలవుతుంది గానీ, ఆగిన గీత ముక్క మీద ఉండిపోతుంది, బరువు పడితే సరిగ్గా అక్కడే విరుగుతుంది. కాళ్ల ముక్కలకు అది పనికిరాదు. పాత యూపీఎస్ ఒకటి తెచ్చి కొత్త బ్యాటరీ వేశాను. జులైలో వానలు మొదలయ్యాక ఇంకొక ఇబ్బంది వచ్చింది. పెట్‌జీ తీగ గాలిలోని తేమ పీల్చుకుని, ప్రింటు మీద సాలెగూడు లాంటి పోగులు వదలడం మొదలుపెట్టింది. తీగ చుట్టను ల్యాబులోని ఓవెన్‌లో 65 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి, మూత బిగుతుగా ఉండే బియ్యం డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టుకుంటే పోగులు ఆగిపోయాయి. కరెంటు బిల్లు గురించి ముందే భయపడ్డాను. నెలకు 70 యూనిట్ల దాకా పెరిగింది. యూనిట్ల కన్నా పై శ్లాబులోకి జారడం వల్లే బిల్లు ఎక్కువ వచ్చింది. ఇంట్లో ఏసీ వాడేవాళ్లు ఈ లెక్క ముందే చూసుకోవాలి.

ఆగస్టు చివరికి ఒక కాలు పూర్తయింది. హాల్లో గోడకు ఆనించి పెట్టాను. ఒంటి కాలు, తెల్లగా, గీతలు గీతలుగా. మా అమ్మాయి దాని పక్కన నిలబడి ఎత్తు కొలుచుకుంది. ఆ రోజు నాకు కలిగిన ధైర్యం తర్వాత చాలాకాలం నన్ను నడిపించింది. మొత్తం ముక్కలు డిసెంబరుకు వచ్చాయి. 24 కిలోల తీగ, కిలో సుమారు వెయ్యి.

2024 సంక్రాంతి సెలవుల్లో మొండేన్ని అతికించాను. పెట్‌జీకి మామూలు జిగురు సరిగ్గా అంటదు. అంచులను గరుకు చేసి, అరాల్డైట్ పూసి, లోపలి వైపు అతుకు పొడవునా సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించి కుట్టాను. ఒక్కో అతుకును రోజంతా కదపకూడదు. అందుకే సెలవుల్లో చేయాల్సిన పని ఇది. డాబా మీద కట్టాలనుకునేవాళ్లు మెట్ల వెడల్పు, మలుపు దగ్గరి జాగా ముందుగా కొలవండి. పూర్తయిన రోబో 50 కిలోలకు కాస్త తక్కువ తూగుతుంది. అది మా మెట్ల మలుపులో నిలువుగా తిరగదు. అందుకని కాళ్లు భుజం దగ్గర ఒక్కొక్క పెద్ద బోల్టుతో విడిపోయేలా, తల చేతులతో ఎత్తితే వచ్చేసేలా మొదటి నుంచీ కట్టాను.

ఫిబ్రవరి నుంచి మే దాకా చేసిన పని ఒక్కటే, నునుపు పట్టడం. రోబో కట్టడమంటే సర్క్యూట్లు, ప్రోగ్రాములు అని చాలామంది అనుకుంటారు. వాటికి నాకు నెల కూడా పట్టలేదు. కాలాన్ని తినేసింది పైతొడుగు. ప్రింటు మీద పొరల గీతలు ఉంటాయి. వాటి మీద కార్లకు వాడే లప్పం పెట్టాలి, ఆరనివ్వాలి, ఉప్పు కాగితంతో రుద్దాలి. ముందు గరుకైన 80 నంబరు కాగితం, తర్వాత వరసగా నునుపైన 120, 220, 400. తర్వాత ప్రైమరు కొట్టాలి. కొట్టగానే అప్పటిదాకా కనిపించని గుంటలన్నీ బయటపడతాయి. మళ్లీ లప్పం. పెట్‌జీతో ఇంకొక కష్టం ఉంది. వేగంగా రుద్దితే వేడెక్కి బంకలా సాగి కాగితాన్ని కప్పేస్తుంది. నీళ్లు చల్లుకుంటూ, నెమ్మదిగా, చేత్తోనే రుద్దాలి.

ఇక్కడ నా వృత్తి నాకు అక్కరకొచ్చింది. పళ్ల పనిలో కంటి కన్నా వేలి కొనను నమ్ముతాం. కళ్లు మూసుకుని కాలి పొడవునా వేలు జరిపితే, లైటు వేసి చూసినా కనిపించని మిట్ట వేలికి తగులుతుంది. ముక్క మీద నల్ల స్ప్రేను పలచగా మంచులా చల్లి రుద్దితే, గుంటల్లో నలుపు మిగిలిపోతుంది, మిట్టల మీద పోతుంది. ఇది కారు పెయింటర్లకు తెలిసిన కిటుకు. మా ల్యాబులో ఇంకొకటి ఉంది. పై పన్ను, కింది పన్ను ఎక్కడ ముందుగా తాకుతున్నాయో తెలుసుకోవడానికి నోట్లో పెట్టి కొరికించే నీలి కాగితం. తల తిరిగే చక్రం మొండెం అంచును ఎక్కడో రాస్తున్న చప్పుడు వస్తుండేది, చోటు మాత్రం దొరకలేదు. ఆ నీలి కాగితాన్ని సందులో పెట్టి చక్రాన్ని ఒక్క చుట్టు తిప్పాను. మూడు చోట్ల ఆవగింజంత నీలి మచ్చలు పడ్డాయి. ఆ మూడింటినీ రబ్బరు బిళ్లతో తాకీతాకనట్టు అరగదీశాక చక్రం నిశ్శబ్దంగా తిరిగింది. ఆ చక్రంలో నేను వేసినవి సైకిలు చక్రాల్లో వేసే పావు అంగుళం ఉక్కు గుళ్లు. పటమటలోని సైకిలు షాపాయన గుప్పెడు గుళ్లు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు.

మార్చి మధ్యలో మోటార్లను నడిపే కంట్రోలర్లకు అమెరికాకు ఆర్డరు పెట్టాను. పాదాల మోటార్లకు ఒకటి, తలకు ఒకటి. రవాణాతో కలిపి 17 వేలయింది. వారంలో మన దేశానికి చేరాయి, కస్టమ్స్‌లో ఆగిపోయాయి. ఆధార్ కాపీ పంపమన్నారు, పంపాను. ఆ వస్తువు ఏమిటో, దేనికో వివరించమన్నారు, రాశాను. బొమ్మ రోబో మోటార్ల కోసమని రాస్తే, బొమ్మలకు వేరే నియమాలు ఉన్నాయంటూ మళ్లీ ప్రశ్న వచ్చింది. మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్ బోర్డు అని మాత్రమే రాశాక ముందుకు కదిలింది. చేతికి వచ్చేసరికి ఏప్రిల్ చివరి వారం, సుంకాలు మరో 13 వేలు. 2024లో సొంత వాడకానికి బయటి నుంచి తెప్పించుకుంటే వస్తువు ధరలో దాదాపు నాలుగింట మూడు వంతులు సుంకానికే పోయేది, ఇప్పుడు ఎంత పడుతుందో లెక్క వేసుకుని మరీ ఆర్డరు పెట్టండి. అమెరికా నుంచి ఎవరైనా బంధువులు సెలవులకు వస్తుంటే ఆగడం మేలు. మా పెదనాన్న కొడుకు డిసెంబరులో వస్తానన్నాడు గానీ అంతకాలం ఆగడం నా వల్ల కాలేదు.

ఇనుప పని అంతా ఆటోనగర్‌లో జరిగింది. మా ఇంటికి పక్కనే అంత పెద్ద ఆటోనగర్ ఉండడం నా అదృష్టం. లోపలి ఇనుప చట్రం, భుజాల ఇరుసులు, పాదాల్లో మోటార్లను పట్టే పలకలు, అన్నీ అక్కడే. లారీ బాడీలు కట్టే మేస్త్రీలకు ఇది చాలా చిన్న పని. అందుకే పెద్ద పని మధ్యలో ఖాళీ దొరికినప్పుడే చేస్తారు. దానికి తోడు 2024 మే 13న రాష్ట్రంలో పోలింగు. ఓట్లు వేయడానికి కుర్రాళ్లంతా ఊళ్లకు వెళ్లి వారం తర్వాత వచ్చారు. భుజం ఇరుసు కోసం మే నెలంతా ఎదురుచూశాను. కానీ వచ్చిన ఇరుసు ఎంత బాగుందంటే, దాన్ని బిగించకముందు ఒక రోజంతా టేబులు మీద పెట్టుకుని చూసుకున్నాను.

తల సంగతి వేరే చెప్పాలి. తలను కూడా ప్లాస్టిక్‌తో చేయవచ్చు, చేసి వెండి రంగు కొట్టవచ్చు. నాకు అది ఇష్టం లేదు. లోహం మీద వెలుగు పడే తీరు రంగుకు రాదు. అసలైన తల అల్యూమినియం రేకు, దాదాపు 18 అంగుళాల వ్యాసం, రెండు పొరలు. పై పొరలో పలకల ఆకారాలు కోస్తారు, లోపలి పొర ఆ పలకలను పట్టి ఉంచుతుంది. విదేశాల నుంచి తెప్పిస్తే రవాణా, సుంకంతో కలిపి నాకు అందదు. గిన్నెలు చేసేవాళ్లు రేకును మిషను మీద తిప్పుతూ చెక్క అచ్చు మీదకు నొక్కి ఆకారం తెస్తారు. గిన్నె చేయగలిగితే గోపురం కూడా చేయగలరని వెతకడం మొదలుపెట్టాను. జూన్‌లో విజయవాడలోనే సింగ్‌నగర్‌లో ఒక పెద్దాయన దొరికారు. చిన్న షెడ్డు, ఒక మిషను, ఇద్దరు మనుషులు.

కాగితం మీద గీసిన కొలతలు చూసి ఆయన మొదట అడిగిన మాట, "ఇది గుడికా బాబూ, చర్చికా?" అని. ఫోనులో బొమ్మ చూపించాను. చాలాసేపు చూశారు.

"గిన్నెకు అడుగు ఉంటుంది. అడుగు దగ్గర రేకును పట్టి ఉంచి తిప్పుతాం. దీనికి అడుగే లేదు."

"నడినెత్తిన చిన్న చిల్లు ఉన్నా పరవాలేదు బాబాయ్. నేను మూసుకుంటాను."

"చిల్లు ఎందుకు? అచ్చు సరిగ్గా ఉంటే చిల్లు అక్కర్లేదు. అచ్చు నేను చెప్పిన చెక్కతోనే చేయించు."

అచ్చుకు నాలుగున్నర వేలు, ఒక్కో రేకు గోపురానికి రేకుతో కలిపి మూడున్నర వేలు. జులై చివరికి లోపలి గోపురం వచ్చింది. మిషను తిరుగుతుంటే ఆయన పొడవాటి ఇనుప కడ్డీని చంక కింద పెట్టుకుని, ఒంటి బరువంతా దాని మీద వేసి, చదునైన రేకును అంగుళం అంగుళం అచ్చు మీదకు వాల్చడం చూశాను. రేకు మొదట ముడతపడబోతుంది. ఆయన కడ్డీని వెనక్కి తెచ్చి ఆ ముడతను అంచుల వైపు తోలేస్తారు. పది నిమిషాల్లో గోపురం తయారైంది. పై గోపురం ఆగస్టు చివర ఇస్తానన్నారు.

2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబరు 1న బుడమేరు వాగుకు వరద వచ్చింది. సింగ్‌నగర్ మునిగింది. ఆయన ఫోను రోజుల తరబడి పలకలేదు. మా వీధిలో నీళ్లు త్వరగా దిగిపోయాయి. అక్కడ వారం దాటినా కొన్ని వీధుల్లో నీళ్లు నిలిచే ఉన్నాయి. రోబో గురించి ఆలోచించడానికే మనసు రాలేదు. మా ల్యాబు కుర్రాళ్లం కలిసి నీళ్ల సీసాలు, రొట్టెలు, పాల పొడి పట్టుకుని ఆ వైపు వెళ్లాం. ఆయన కుటుంబమంతా పక్కింటి మేడ మీద క్షేమంగా ఉన్నారని తెలిశాక ఊపిరి పీల్చుకున్నాను. నీళ్లు తీసిన తర్వాత షెడ్డుకు వెళ్తే మిషను మోటారు నిండా బురద. నా అచ్చు ఒక మూల పడి ఉంది, నీళ్లకు ఉబ్బి నిలువునా పగిలింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని నన్ను క్షమించమన్నట్టు చూశారు. అంత నష్టపోయిన మనిషి నా ఆటవస్తువు గురించి బాధపడడం చూసి నాకు మాట పెగల్లేదు. మోటారు వైండింగుకు నేను చేయగలిగినంత ఇచ్చాను. ఆయన ముందు తీసుకోలేదు, కూలి బయానాగా రాసుకుంటానని చెప్పి తీసుకున్నారు. గోపురం మాట ఆ నెలంతా నేను ఎత్తలేదు.

దసరాకు షెడ్డు కడిగి ఆయుధపూజ చేస్తూ కబురు పంపారు. ఆ ఏడాది విజయదశమి అక్టోబరు 12. మా ఇంట్లో కూడా ల్యాబు పనిముట్లతో పాటు మొండేనికి, లోపలి గోపురానికి కుంకుమ బొట్లు పెట్టాం. అచ్చు మళ్లీ చేయించాను, పై గోపురం నవంబరు మొదటి వారంలో వచ్చింది.

పలకలు కోయడానికి నా ల్యాబు మైక్రోమోటారే వాడాను. పళ్ల లోహాన్ని కోసే పలుచని బిళ్ల, నిమిషానికి 20 వేల చుట్లు. అల్యూమినియం మెత్తటి లోహం, వేడెక్కితే బిళ్లకు అతుక్కుంటుంది. గీత మీద కొవ్వొత్తి రుద్దుకుంటూ కోస్తే అతుక్కోదు. గుండ్రటి తలం మీద కాగితం నమూనాను అంటించడమే కష్టం, ముడతలు పడుతుంది. నేను పేపరు వదిలేసి, తలను తిరుగుడు బల్ల మీద పెట్టి, ఎత్తుకు బిగించిన పెన్సిలుతో అడ్డగీతలు గీసుకున్నాను. నిలువు గీతలకు గోపురం వంపుకు సరిపోయేలా ఒక ప్లాస్టిక్ పట్టీని ప్రింటు చేసుకున్నాను. రాత్రిళ్లు డ్యూటీ తర్వాత కోయడానికి నవంబరంతా పట్టింది. చెవులకు, కళ్లకు, ముక్కుకు రక్షణ లేకుండా ఈ పని చేయవద్దు. అల్యూమినియం పొడి మూడో రోజు కూడా జుట్టులో కనిపిస్తుంది.

డిసెంబరులో రంగు. డిసెంబరు దాకా ఎదురుచూసింది కావాలనే. వానాకాలంలో తేమ ఉన్న రోజు స్ప్రే కొడితే రంగు పాలిపోయి పొగ పట్టినట్టవుతుంది. తెలుపు సులువు. ఆ నీలం మాత్రం మామూలు నీలం కాదు. అసలు రోబోకు లోహం కనిపించేలా నీలం పూత పూశారు, అందుకే వెలుగును బట్టి ఒకసారి ఊదాగా, ఒకసారి నల్లగా కనిపిస్తుంది. వెనుక వేరే దృశ్యం అతికించడానికి నీలి తెర ముందు తీసిన అంతరిక్షం షాట్లలో ఆ పలకలు నల్లగా వచ్చిన సంగతి సినిమాను శ్రద్ధగా చూసేవాళ్లకు తెలుసు. ఆటోనగర్‌లో కారు రంగులు కలిపే షాపులో ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాం. వెండి రంగు అడుగున, దాని మీద పారదర్శకమైన నీలం, అందులో ఊదా చుక్కలు. ముక్క మీద కొట్టి ఎండలోకి తీసుకెళ్లడం, నీడలోకి తేవడం. "లారీకి ఇంత చూడం సార్" అంటూనే ఆ కుర్రవాడు నాకన్నా పట్టుదలగా చుక్క చుక్క కలిపాడు. కుదిరాక, అడిగినా అడగకపోయినా, మొండెం అడుగున ఉండే స్కర్టు అనే భాగం వెనుక ఎవరికీ కనిపించని చోట ఒక నల్ల చుక్క పెట్టాడు, దిష్టి తగలకుండా. దాన్ని అలాగే ఉంచాను. పైన కొట్టే గట్టి క్లియరు పూత ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం. బట్ట కట్టుకుంటే చాలదు, కార్బను డబ్బాలున్న మాస్కు పెట్టుకుని, ఆరుబయటే కొట్టాలి.

ఆ రంగు ఆరే రోజుల్లో ఎలక్ట్రానిక్స్ అంతా పూర్తయింది. 24 వోల్టుల గేరు మోటార్లు రెండు, రెండు 12 వోల్టుల బ్యాటరీలు. సినిమాలో దాని రెండు పక్క పాదాలకూ బ్యాటరీ పెట్టెల ఆకారాలు ఉంటాయి. నేను నిజంగానే బ్యాటరీలు అక్కడే పెట్టాను, బరువు కిందకు దిగి నిలకడ వచ్చింది. డ్రోన్లకు వాడే రిమోటు అయిదు వేల లోపు దొరికింది. ముందు దీపం ఎరుపు నుంచి నీలానికి, వెనుక దీపం పసుపు నుంచి ఆకుపచ్చకు మారుతుంటాయి. తల ఎన్ని చుట్లు తిరిగినా వైర్లు మెలిపడకుండా మధ్యలో స్లిప్ రింగు అనే చిన్న భాగం ఉండాలి, దాన్ని మరిచిపోవద్దు. ఈలలకు నూటయాభై రూపాయల చిన్న బోర్డు చాలు. బెన్ బర్ట్ తన సొంత గొంతుతో చేసిన కూతలను సింథసైజర్ శబ్దాలతో కలిపి ఆ భాషను పుట్టించారు. అందుకే అది మిషను చప్పుడులా కాక ఎవరో పిలిచినట్టు ఉంటుంది. మొదటిసారి స్పీకరు మోగినప్పుడు వంటింట్లో ఉన్న మా అమ్మ "ఊఁ, వస్తున్నా" అంది.

మొదటి నడక డిసెంబరు చివరి ఆదివారం. వెళ్లింది బాగానే వెళ్లింది. ఆపగానే ముందుకు వాలి, మా బావమరిది పట్టుకోకపోతే కన్ను నేలకు తాకేది. మూడు కాళ్ల మీద ఉన్నప్పుడు మొండెం 18 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, మధ్య కాలు ముందుంటుంది. అంత బరువు ఒక్కసారిగా ఆగితే వెనుక పాదాలు లేస్తాయి. వేగం ఒకేసారి పడిపోకుండా నెమ్మదిగా తగ్గేలా కంట్రోలరులో మార్చాక వాలడం ఆగింది. ఆ రాత్రి మాత్రం నిరాశగా ఉంది. పడుకోబోయే ముందు, 1976లో ట్యునీషియా ఎడారిలో షూటింగు చేసినవాళ్లను రిమోటు రోబోలు ఎంత ఏడిపించాయో మళ్లీ చదివాను. ఇంగ్లండులో ఇళ్లలో ఈ రోబోలు కట్టుకున్న లీ టవర్సీ, ఆలివర్ స్టీపుల్స్ అనే ఇద్దరు అభిమానులను 2013లో జర్మనీలోని ఎస్సెన్‌లో జరిగిన అభిమానుల సభలో చూసి, ఆ తర్వాతి సినిమాకు ఆర్‌టూలను కట్టే పని ఇచ్చారు. వాళ్లూ ఇంట్లోనే మొదలుపెట్టారని తలచుకుంటే మళ్లీ స్క్రూడ్రైవరు పట్టుకోబుద్ధి అయింది.

విదేశీ అభిమానులెవరూ చెప్పని అడ్డంకి ఒకటి మన ఇళ్లలో ఉంది. గడప. మధ్య పాదం కింది చిన్న చక్రాలు రెండు అంగుళాల గడపను ఎక్కలేవు. గడపకు పసుపు రాసి పూజించే ఇంట్లో దాన్ని చెక్కేస్తానని అనలేం. రెండు వైపులా ప్లైవుడ్ వాలు పలకలు చేయించాను, పని అయ్యాక తీసి పక్కన పెట్టేవి. 2025 భోగి రోజు ఆర్‌టూ హాల్లోంచి వసారాలోకి దానంతట అది వచ్చింది. వీధిలో పిల్లలు చేరారు. దూరంగా నిలబడిన ఒక బాబు వైపు తల తిప్పి ఈల వేయించాను. వాడు వెంటనే ఈలతో జవాబిచ్చాడు. ఆ క్షణం కోసమే ఇంత చేశానని చెప్పగలను.

లెక్క చెప్పాలంటే మొత్తం లక్షా యాభై వేల దాకా అయింది. అందులో సుంకాలు, రెండోసారి అచ్చు తీసేస్తే లక్షా ముప్పై. ఏ నెలా పది, పన్నెండు వేలు దాటకుండా విడతలుగా పెట్టాను, ప్రింటరు కొన్న నెల, కంట్రోలర్ల నెలలు తప్ప.

ఫిబ్రవరిలో టాటా ఏస్ మాట్లాడుకుని, కాళ్లు విప్పి, తల దుప్పట్లో చుట్టి మా అమ్మాయి ఒడిలో పెట్టి, సింగ్‌నగర్ తీసుకెళ్లాను. షెడ్డు ముందు బిగించి నడిపించాను. పెద్దాయన మనవలు దాని వెంట పరుగెత్తారు. ఆయన మాత్రం తల తిరగడాన్నే చూస్తూ, ఆపమని చెయ్యెత్తారు. అంచు దగ్గర గోరు పెట్టి, మళ్లీ తిప్పమన్నారు. ఒక చోట గోరుకూ రేకుకూ మధ్య వెంట్రుకవాసి సందు వచ్చి పోతోంది.

"వరద తర్వాత మిషను ఇరుసు ఇంకా కుదురుకోకముందు చేసింది ఇది. ఇప్పుడు కుదురుకుంది. ఇంకొకటి తిప్పుతాను, కూలి వద్దు."

నాకు అది ఎప్పుడూ కనిపించలేదు. కనిపించాక ఇక వదల్లేను. ఉగాది దాటాక రమ్మన్నారు. కొత్త రేకు నేనే కొనుక్కుని వెళ్తాను, కూలి కూడా ఇచ్చి తీరతాను. పలకలు మళ్లీ మొదటి నుంచి కోయాలి, ఈసారి వానలకు ముందే రంగు పూర్తి చేయాలి.